మియూ-మియూ

మియూ-మియూ (జననం: 1950 ఫిబ్రవరి 22, పారిస్) ఫ్రెంచి సినీ, రంగస్థల నటి. అసలు పేరు సిల్వెట్ హెరీ. కొలూష్ తదితరులతో కలిసి 'కాఫే ద లా గార్' నాటక బృందంలో నటజీవితం ప్రారంభించింది. ఈ బృందం వారు క్లోద్ ఫరాల్దో తీసిన అసంబద్ధ చిత్రం 'తెమ్రాక్' (1973)లోనూ నటించారు. అందులో ఆమెది పొరుగింటి యువతి పాత్ర. చిత్రంలో అర్థమయ్యే మాట ఒక్కటీ వినిపించదు. గుర్రులు, మూలుగులే సంభాషణలు. మిషెల్ పికోలీ పోషించిన కార్మికుడు పని మానేసి, గది తలుపును ఇటుకలతో పూడ్చి, బయటి గోడను సుత్తితో పగలగొట్టి, సామాను కింది ఆవరణలోకి విసిరేసి ఇంటిని గుహగా మార్చేస్తాడు. ఇరుగుపొరుగూ అదే దారి పడతారు. చివరికి పోలీసునే కాల్చుకు తింటారు. బెర్‌ట్రాన్ బ్లియే చిత్రం 'లే వాల్సూజ్' (1974) మియూ-మియూకు విస్తృత ఖ్యాతి తెచ్చింది. 'లా దెరొబాద్' (1979)కు ఉత్తమ నటిగా సెజార్ పురస్కారం ప్రకటించగా ఆమె తిరస్కరించింది. 'లా లెక్‌త్రిస్' (1988), 'జెర్మినాల్' (1993) తర్వాతి ముఖ్య చిత్రాలు.