ఫ్రెంచ్ వైనా.. ఇటాలియన్ వైనా? రేటు చూసి కాదు, ఇలా పోల్చి చూస్తేనే అసలు తేడా తెలుస్తుంది

హైదరాబాద్‌లో ఏ సెంటర్‌లో చూసినా 'వైన్స్' అనే బోర్డు కనిపిస్తుంది. లోపలికెళ్తే మాత్రం బీర్లు, విస్కీ, బ్రాందీలదే హవా. అసలు వైన్ ఏదో ఓ మూలన నాలుగు సీసాలు ఉంటే గొప్ప. కానీ హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి వైపు సీన్ కొంచెం వేరు. పెద్ద లిక్కర్ స్టోర్లలో ఫ్రాన్స్, ఇటలీ వైన్లకు ప్రత్యేకంగా ర్యాకులే ఉంటున్నాయి. మైండ్‌స్పేస్ వెస్టిన్‌లోని ప్రెగో, ఐటీసీ కోహినూర్‌లోని ఒట్టిమో లాంటి ఇటాలియన్ రెస్టారెంట్లు కూడా ఈ ఏరియాలోనే వచ్చాయి.

మరి ఈ రెండు దేశాల వైన్లలో తేడా ఏంటి? ఎక్కువ రేటు పెడితే మంచి వైన్ వచ్చినట్టేనా? ఇంట్లో, రెస్టారెంట్‌లో వీటిని ఎలా పోల్చి చూడాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

రేటులో వైన్ ఎంత.. పన్ను ఎంత?

ముందు తెలుసుకోవాల్సింది ఇదే. విదేశీ వైన్‌పై మన దేశంలో ఏళ్లుగా ఉన్న కస్టమ్స్ సుంకం 150 శాతం. అంటే పోర్టుకు చేరేసరికి రూ.500 ఉన్న సీసా, సుంకం పడగానే రూ.1,250 అవుతుంది. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు కాబట్టి రాష్ట్ర పన్నులు వేరే. ఆపై దిగుమతిదారు, షాపు మార్జిన్లు. రెస్టారెంట్‌లో అయితే వాళ్ల లెక్క ఇంకోటి. కాబట్టి ఇక్కడ మీరు చూసే రేటు ఫ్రాన్స్‌లోనో, ఇటలీలోనో ఆ వైన్‌కున్న స్థాయిని చెప్పదు. అక్కడ రోజూ భోజనంతో తాగే మామూలు సీసా కూడా ఇక్కడికొచ్చేసరికి 'ప్రీమియం' అయిపోతుంది.

ఆస్ట్రేలియాతో కుదిరిన ఒప్పందం 2022 డిసెంబర్ 29న అమల్లోకి రావడంతో ఆ దేశపు వైన్లలో ఒక ధర దాటిన వాటిపై సుంకం తగ్గడం మొదలైంది. యూరోపియన్ యూనియన్‌తో స్వేచ్ఛా వాణిజ్య చర్చలు ముగిశాయని 2026 జనవరి 27న ప్రకటించారు. అందులోనూ వైన్ సుంకాన్ని దశలవారీగా తగ్గించే అంశం ఉంది. అయితే ఒప్పందం అమల్లోకి వచ్చాకే ఆ తగ్గింపు వర్తిస్తుంది.

లేబుల్ ఎలా చదవాలి?

ఫ్రెంచ్ లేబుల్‌పై ఎక్కువగా ఊరి పేరు ఉంటుంది, ద్రాక్ష పేరు ఉండదు. బోర్దో, బర్గండీ, షాంపేన్.. ఇవన్నీ ప్రాంతాలే. ఏ ప్రాంతంలో ఏ ద్రాక్ష వాడాలో చెప్పే 'ఏఓసీ' విధానం 1935 నుంచి ఉంది. బోర్దో రెడ్ అంటే ప్రధానంగా కాబర్నే సావిన్యోన్, మెర్లో ద్రాక్షల మిశ్రమం. బర్గండీ రెడ్ అంటే పినో నువార్.

ఇటలీలో రెండు రకాలూ కనిపిస్తాయి. 'బార్బెరా దాల్బా' అంటే ఆల్బా ప్రాంతపు బార్బెరా ద్రాక్ష. కానీ బరోలో అంటే ఊరి పేరు, అందులో ద్రాక్ష నెబ్బియోలో. అక్కడి 'డీఓసీ' చట్టం 1963లో వచ్చింది. దానికంటే కఠినమైన నిబంధనలున్న వాటిని 'డీఓసీజీ' అంటారు. మెనూలో చూసి చాలామంది 'చియాంటీ' అంటుంటారు.. అది 'కియాంటీ'. సీసా మెడ దగ్గర నల్ల కోడిపుంజు బొమ్మ ఉంటే అది కియాంటీ క్లాసికో. అందులో కనీసం 80 శాతం సాంజోవేసే ద్రాక్ష ఉండాలన్నది రూల్.

రుచిలో దేని కోసం చూడాలి?

వైన్ భాష వినడానికి భయపెడుతుంది కానీ మనకు తెలియనిది కాదు. ఉగాది పచ్చడి తిన్నవాళ్లకు వగరు, పులుపు విడదీసి చెప్పడం కొత్తేమీ కాదు. వైన్‌లో టానిన్ అంటే ఆ వగరే. వక్క నమిలినప్పుడు, స్ట్రాంగ్ డికాషన్ తాగినప్పుడు నాలుక పట్టేసినట్టు ఉంటుంది కదా, అదే. పులుపు ఎంతో నోట్లో ఊరే నీళ్లను బట్టి తెలుస్తుంది. ఆల్కహాల్ ఎక్కువైతే గొంతులో వేడిగా అనిపిస్తుంది. ఈ మూడూ, ఆపై వాసన, మింగాక రుచి ఎంతసేపు నిలిచింది.. ఇంతే.

పోల్చడానికి పనికొచ్చే జోడీలు

ఏదో ఒక ఫ్రెంచ్ సీసా, ఏదో ఒక ఇటాలియన్ సీసా పక్కపక్కన పెడితే ఉపయోగం లేదు. ఒకే రకం, దగ్గర దగ్గర రేటు ఉన్నవే తీసుకోవాలి.

* బోర్దో రెడ్ – కియాంటీ క్లాసికో: మొదలుపెట్టేవాళ్లకు ఇదే బెస్ట్. బోర్దోలో నల్లని పండ్ల వాసన, నిండుదనం. కియాంటీలో పులుపు ముందుకొస్తుంది. టమాటా సాస్ ఉన్న పాస్తాకు అది అంత బాగా కుదరడానికి కారణం ఆ పులుపే.
* లువార్ లోయ సాన్సేర్ – పినో గ్రిజియో: రెండూ వైట్. సాన్సేర్ సావిన్యోన్ బ్లాంక్ ద్రాక్షది, వాసన ఘాటుగా ఉంటుంది. పినో గ్రిజియో మామూలుగా తేలికగా, నెమ్మదిగా ఉంటుంది.
* షాంపేన్ – ప్రొసెకో: షాంపేన్‌లో బుడగలు సీసాలోనే రెండోసారి పులియబెట్టడం వల్ల వస్తాయి. అందుకే బ్రెడ్ లాంటి వాసన. ప్రొసెకోను ఎక్కువగా పెద్ద ట్యాంకుల్లో పులియబెడతారు. పండ్ల వాసన ఎక్కువ, రేటు తక్కువ.
* బర్గండీ రెడ్ – బరోలో: రెండూ లేత రంగే. తాగితే మాత్రం బరోలో వగరు గట్టిగా పట్టేస్తుంది. కనీసం 38 నెలలు నిల్వ చేశాకే అమ్మాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. రెండూ ఖరీదైనవే కాబట్టి కొంచెం అలవాటయ్యాక చూడొచ్చు.

బడ్జెట్ తక్కువా? మన దేశపు వైన్లతోనే ప్రాక్టీస్ చేయొచ్చు. మహారాష్ట్రలోని అక్లూజ్‌లో ఉన్న ఫ్రాటెల్లీని ఇటాలియన్, భారతీయ అన్నదమ్ములు కలిసి పెట్టారు. వాళ్లు సాంజోవేసే పండిస్తారు. బెంగళూరు దగ్గర నంది హిల్స్‌లోని గ్రోవర్‌కు ఫ్రెంచ్ నిపుణుడు మిషెల్ రోలాన్ సలహాదారుగా పనిచేశారు. వాళ్ల 'లా రిజర్వ్' రెడ్ కాబర్నే, షిరాజ్‌ల మిశ్రమం. దిగుమతి సుంకం లేకుండానే రెండు పద్ధతుల మధ్య తేడాపై కొంత ఐడియా వస్తుంది.

ఇంట్లో టెస్ట్ ఇలా..

లేబుల్ కనిపిస్తే నాలుక అబద్ధం చెబుతుంది. ఇది ఊరికే అంటున్న మాట కాదు. 2001లో ప్రచురించిన బోర్దో యూనివర్సిటీ పరిశోధనలో, వైట్ వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి వైన్ కోర్సు విద్యార్థులు 54 మందికి ఇచ్చారు. వాళ్లు దాన్ని రెడ్ వైన్‌కు వాడే మాటలతో వర్ణించారు. 1976లో పారిస్‌లో లేబుళ్లు దాచి పెట్టిన పోటీలో ఫ్రెంచ్ జడ్జిలే కాలిఫోర్నియా వైన్లకు మొదటి స్థానం ఇచ్చారు.

అందుకే సీసాలకు న్యూస్‌పేపర్ చుట్టి రబ్బర్ బ్యాండ్ వేయండి. ఒకేలాంటి గ్లాసులు మూడు తీసుకోండి. రెండింటిలో ఒక వైన్, మూడో దాంట్లో ఇంకో వైన్ పోయమని వేరేవాళ్లకు చెప్పండి. గ్లాసుకు 20 ఎంఎల్ చాలు. తేడాగా ఉన్నది ఏదో మీరు కనిపెట్టాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి కరెక్ట్ అవుతుంది కాబట్టి మూడు రౌండ్లు చేయండి. మూడుసార్లూ అదృష్టంతో కలిసొచ్చే ఛాన్స్ 27లో ఒకటే. కనిపెట్టలేకపోతే సిగ్గుపడాల్సింది లేదు. ఆ రెండింటిలో ఖరీదైనది మీరు కొనక్కర్లేదని అర్థం, అంతే.

ఇంకో ముఖ్యమైన విషయం టెంపరేచర్. 'రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలి' అనే మాట యూరప్ చల్లటి గదుల్ని చూసి పుట్టింది. అంటే 16-18 డిగ్రీలు. మే నెలలో కొండాపూర్ ఫ్లాట్‌లో కాదు. రెడ్‌ను అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. వైట్ 8-10 డిగ్రీల్లో బాగుంటుంది. రెండు సీసాలూ సమానంగా చల్లబడకపోతే ఆ పోలిక చెల్లదు.

రెస్టారెంట్‌లో..

వెయిటర్ కొంచెం పోసి మీ వైపు చూస్తున్నాడంటే 'నచ్చిందా' అని కాదు, 'చెడిపోలేదు కదా' అని. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కార్క్ వల్ల పాడైందని చెప్పి మార్చమనొచ్చు. సీసా కంటే ముందు గ్లాసు లెక్కన ఏమున్నాయో అడగండి. ఇద్దరు వెళ్తే ఒకరు ఫ్రెంచ్, ఒకరు ఇటాలియన్ ఆర్డర్ చేసి మార్చుకోవచ్చు. సీసా కొంటే తెరిచే ముందు లేబుల్, సంవత్సరం మెనూతో సరిచూసుకోండి.

కారం విషయంలో జాగ్రత్త. వగరు ఎక్కువున్న బరోలో, బోర్దోలతో బిర్యానీ, చిల్లీ చికెన్ తింటే మంట ఇంకా పెరిగినట్టు అనిపిస్తుంది. మన వంటకు ప్రొసెకో, బోజోలే, కొంచెం తీపి ఉన్న అల్సాస్ రీజ్‌లింగ్ లాంటివి నయం.

'వైనే కదా' అనుకోవద్దు

13 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ 150 ఎంఎల్ గ్లాసులో సుమారు 19.5 ఎంఎల్ ఆల్కహాల్ ఉంటుంది. 42.8 శాతం విస్కీ 30 ఎంఎల్ పెగ్‌లో ఉండేది దాదాపు 12.8. అంటే ఒక గ్లాసు వైన్ ఒకటిన్నర పెగ్‌తో సమానం. తెలంగాణలో మద్యానికి కనీస వయసు 21 ఏళ్లు. 100 ఎంఎల్ రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటి బండి నడిపితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద మొదటిసారికే 6 నెలల వరకు జైలు, రూ.10 వేల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. 'రెండు గ్లాసుల వైనే తాగాను సార్' అంటే బ్రీత్ అనలైజర్ వినదు. కాబట్టి టేస్టింగ్‌కు వెళ్తే క్యాబ్‌లోనే వెళ్లండి, క్యాబ్‌లోనే రండి.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసమే. మద్యపానం ఆరోగ్యానికి హానికరం. ఆల్కహాల్ విషయంలో పూర్తిగా సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది.)