కృత్రిమ తుంటి కీలు మన్నిక

అమర్చిన కృత్రిమ తుంటి కీళ్లలో సుమారు 58 శాతం 25 సంవత్సరాలు నిలుస్తాయని 2019లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ఇది ఆస్ట్రేలియా, ఫిన్‌లాండ్ దేశాల నమోదు వివరాలపై ఆధారపడిన లెక్క. మన ప్రాంతానికి యథాతథంగా అన్వయించడం సరికాదు. వయస్సును బట్టి కూడా తేడా ఎక్కువ. 70 ఏళ్లు దాటాక శస్త్రచికిత్స చేయించుకున్న వారిలో కీలును మళ్లీ మార్చవలసి వచ్చే అవకాశం సుమారు 5 శాతం కాగా, 50 ఏళ్లు దాటిన కొత్తలో చేయించుకున్న పురుషులలో 35 శాతం వరకు ఉన్నట్లు 2017లో బ్రిటన్ పరిశోధకులు తేల్చారు. కీలు వదులు కావడం, ఇన్‌ఫెక్షన్, కీలు తొలగడం ఇందుకు ప్రధాన కారణాలు.

కంభం, గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాల నుండి ఈ చికిత్సకై దూర నగరాలకు వెళ్లేవారు పరికరం పేరు, లాట్ సంఖ్య గల స్టిక్కరును, డిశ్చార్జి పత్రాన్ని తప్పక భద్రపరచుకోవాలి. ఇది లాంఛనం కాదు. డెప్యూ సంస్థ తన ఏఎస్ఆర్ లోహపు కీళ్లను 2010 ఆగస్టులో ప్రపంచవ్యాప్తంగా ఉపసంహరించుకుంది. దేశంలో సుమారు 4,700 శస్త్రచికిత్సలలో వాటిని అమర్చగా, అత్యధికుల ఆచూకీ లభించలేదు. 2018లో కేంద్ర ప్రభుత్వం బాధితులకు రూ.30 లక్షల నుండి రూ.1.23 కోట్ల వరకు పరిహారం చెల్లించే సూత్రాన్ని ఆమోదించింది. తనకు అమర్చినది ఏ కీలో చూపలేని రోగికి ఇటువంటి పరిహారం కోరడం కష్టమే.