గుండె ఆగినప్పుడు: బస్తర్ నేర్పే పాఠం



భద్రాచలం దాటి ఉత్తరంగా వెళితే ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతం వస్తుంది. 1998లో విభజన జరిగే వరకు ఇదంతా ఒకే జిల్లా. విస్తీర్ణంలో కేరళ రాష్ట్రం కన్నా పెద్దది. అడవులు, కొండలు, వాగులు. దారి లేని ఊళ్ల నుంచి రోగిని మంచం మీద పడుకోబెట్టి రోడ్డు దాకా మోసుకొస్తారు. అలాంటి చోట ఒక మనిషి గుండె హఠాత్తుగా ఆగిపోతే ఏం చేయాలి? దీనికి జవాబు తెలియాలంటే కొంత చరిత్ర చూడాలి.

గుండె ఆగితే మెదడుకు రక్తం అందదు. నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడు కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. ఒకప్పుడు వైద్యులు శస్త్రచికిత్స గదిలో ఛాతీ కోసి, గుండెను చేత్తో పిసికేవారు. ఆస్పత్రి బయట ఆ అవకాశమే లేదు.

1958లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో నికర్‌బాకర్ అనే పరిశోధకుడు ఒక విషయం గమనించాడు. కుక్క ఛాతీ మీద విద్యుత్ పలకలను గట్టిగా అదిమినప్పుడు, షాక్ ఇవ్వకముందే దాని రక్తపోటు పెరిగింది. ఆయన, ఇంజనీరు కూవెన్‌హోవెన్, శస్త్రవైద్యుడు జూడ్ కలిసి 1960లో ఈ పద్ధతిని ప్రకటించారు. అందుకు రెండు చేతులు ఉంటే చాలన్నారు.

తర్వాత వైద్యమే రోగి దగ్గరకు బయలుదేరింది. 1966లో బెల్‌ఫాస్ట్ నగరంలో డాక్టర్ పాంట్రిడ్జ్ డీఫిబ్రిలేటర్‌ను, అంటే గుండెకు షాక్ ఇచ్చే యంత్రాన్ని, అంబులెన్సులోకి ఎక్కించాడు. మన దగ్గర 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ మొదలైంది. 2011లో అది 'సంజీవని ఎక్స్‌ప్రెస్' పేరుతో ఛత్తీస్‌గఢ్‌కు చేరింది. నాలుగు చక్రాల బండి పోలేని ఇరుకు దారుల కోసం, డీఆర్‌డీవో తయారుచేసిన 'రక్షిత' అనే బైక్ అంబులెన్సు 2021 జనవరిలో సీఆర్‌పీఎఫ్ చేతికి వచ్చింది.

బండి చిన్నదవుతూ రోగికి దగ్గరవుతోంది. అయినా అడవి దారిలో ఆరు నిమిషాలను ఏ బండీ గెలవలేదు. ఆ నిమిషాల్లో పక్కనున్న మనిషే వైద్యుడు. ఈ సంగతి గుర్తించే 2017లో భారతీయ వైద్యులు సామాన్యుల కోసం, ఛాతీని అదమడం మాత్రమే ఉండే సులువైన పద్ధతిని రూపొందించారు.

పడిపోయిన పెద్దవారు పిలిస్తే పలకకుండా, సరిగా ఊపిరి తీసుకోకుండా ఉంటే, ఒకరు 108కి ఫోన్ చేయాలి. మరొకరు ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు అదమాలి. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. సాయం వచ్చేదాకా ఆపకూడదు. అలసిపోతే మనిషి మారాలి. నీట మునిగినవారికి, చిన్నపిల్లలకు నోటి ద్వారా శ్వాస కూడా ఇవ్వాలి కనుక, దాన్ని శిక్షకుల దగ్గర నేర్చుకోండి.

ఇంత చేసినా అందరూ బతకరు. ఛాతీ అదమడం వల్ల కొంత సమయం మాత్రమే దక్కుతుంది. ఆగిన గుండెను మళ్లీ నడిపించడానికి చాలాసార్లు ఆ యంత్రం కావాలి. అందుకే బస్తర్‌కు రోడ్లూ కావాలి, ఆస్పత్రులూ కావాలి. అవి వచ్చేలోగా చేతులు నేర్చినవారు ప్రతి ఊళ్లోనూ ఉండాలి. మీ ఊళ్లో అలాంటివారు ఎందరున్నారు? లెక్కపెట్టి చూడండి. ఆ లెక్కలో మీరున్నారా?