అస్థికుంభములు చెప్పిన చరిత్ర

దహనానంతరము అస్థులను మట్టికుండలో నిలుపు ఆచారము అనేక జాతులయందు ప్రాచీనకాలమునుండి కలదు. అస్థులను ఏరి కుంభమునందుంచి, వాననీరు తప్ప వేఱునీరు ప్రవహింపని చోట గోతిలో నిలిపి, మూత పెట్టవలెనని ఆశ్వలాయన గృహ్యసూత్రము విధించుచున్నది. నేటికిని మనలో అస్థిసంచయనమునకు క్రొత్తకుండను తెచ్చువారు కలరు. కావున ఇంగ్లండుదేశమున బయల్పడిన అట్టి కుండల వృత్తాంతము మనకు పరాయిదిగా తోపదు.

ఆ దేశపు తూర్పుభాగమున నార్‌ఫోక్ మండలము కలదు. అందలి వాల్సింగ్‌హామ్ గ్రామక్షేత్రమున 17వ శతాబ్దిమధ్యమున 40, 50 కుండలు దొరకెను. అవి గజములోతైనను లేక ఇసుకనేలలో నుండెను. వానిలో కాలిన యెముకలు, దువ్వెనముక్కలు, ఇత్తడి పట్టకార్లు కనిపించెను. నార్విచ్ నగరవైద్యుడగు థామస్ బ్రౌన్ వానినిగూర్చి 1658లో ‘హైడ్రియోటాఫియా’ అను గ్రంథమును ప్రకటించి, అవి రోమనులవని నిర్ణయించెను. ఆ గ్రంథము ఆంగ్లగద్యమున నేటికిని మన్ననకెక్కియున్నది. ఆ నిర్ణయము మాత్రము నిలువలేదు. రోమనుల పాలన ముగిసిన పిదప సముద్రము దాటి వచ్చిన ఆంగ్లో-సాక్సనులవే యా కుండలని తరువాతి పండితులు గుర్తించిరి.

ఆ మండలమునందే స్పాంగ్ హిల్ అనుచోట 1972 మొదలు 1981 వఱకు త్రవ్వకములు జరుగగా, ప్రధానముగా క్రీస్తుశకము 5వ శతాబ్దికి చెందిన 2,000కు పైగా దహనసమాధులు బయల్పడెను. ఆ కుండలు సారెపై చేసినవి కావు, చేతులతో మలచినవి. పచ్చిమట్టిపై గీతలు గీసి, కొమ్ముతోనో యెముకతోనో చేసిన ముద్రల నద్ది, పిదప కాల్చిరి. ఒకే ముద్ర పలుకుండలపై కనబడుటచే అవి యొకచోటి పనితనమని తెలిసికొనగలిగిరి. ఒక కుండమూతపై, మోచేతులను మోకాళ్లపై నాన్చి తలను చేతులలో నుంచుకొని కూర్చున్న మనుష్యమూర్తి యున్నది. కాలిన యెముకలను పరీక్షింపగా, మృతులతో గుఱ్ఱములు మున్నగు జంతువులను గూడ దహించిరని తేలినది.

ఈ జనులు తమ చరిత్రను వ్రాసియుంచలేదు. వారి పేర్లును మనకు తెలియవు. వారినిగూర్చి చెప్పుటకు మిగిలినవి యా కుండలే. గ్రంథమందలి పొరపాటును దిద్దినవియు నవియే.

మన సీమలో జనులు రాక్షసగుళ్లని పిలుచు ప్రాచీన సమాధులయందును మట్టికుండలు, యెముకలు దొరకినవి. నాగటిచాలున కుండ తగిలినపుడు, లోపల ధనముండునను నాసతో పగులగొట్టిన, దొరకునది పెంకులే. పోవునది యొక తరము చరిత్ర. దానిని కదల్పక, పురావస్తుశాఖవారికి తెలుపుట గ్రామస్థుల కర్తవ్యము. ఆ యెఱుకను కలిగించుట గ్రంథాలయములు చేయదగిన సేవ.