మూడు కాళ్ల నుంచి ఒంటికాలికి: కెమెరా ఆధారంలో వచ్చిన మార్పు

శ్రావణమాసంలో మీరు ఉరుకుంద ఈరన్నస్వామి క్షేత్రానికి వెళ్లి ఉంటే, ఆ రద్దీలో ట్రైపాడ్ కాళ్లు చాపి నిలపడం ఎంత కష్టమో ఊహించగలరు. పెద్ద టెలిఫోటో లెన్స్‌తో దూరం నుంచి ఫొటో తీసేవారికి అక్కడ ఒంటికాలి మోనోపాడే అనువైనది. ఇది ఎలా సాధ్యమైందో పరిశీలిద్దాం.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడిపలక పద్ధతిలో ఒక్కో చిత్రానికి సాధారణంగా కొన్ని సెకన్లు పట్టేది. అంతసేపు కెమెరా కదలకుండా ఉండాలంటే మూడు కాళ్లు తప్పనిసరి. 1871లో రిచర్డ్ మాడక్స్ ప్రతిపాదించిన జెలటిన్ పొడిపలకలు క్రమంగా మెరుగుపడి, ఆ వ్యవధిని సెకనులో చిన్న భాగానికి తగ్గించాయి. 1891లో లండన్‌లో థామస్ డాల్‌మేయర్ టెలిఫోటో లెన్స్ రూపొందించాడు. వ్యవధి సమస్య తీరింది; బరువు సమస్య మిగిలింది.

నేటి 400 మి.మీ. ఎఫ్ 2.8 లెన్స్ సుమారు 3 కిలోలు తూగుతుంది. కెమెరాను మోనోపాడ్‌కు బిగిస్తే ఈ బరువంతా లెన్స్, కెమెరా కలిసే చోట పడుతుంది. అందుకే లెన్స్ కింది పాదాన్నే బిగించాలి. మోనోపాడ్‌ను చేత్తోనే పక్కలకు తిప్పవచ్చు. కనుక పైకీ కిందికీ మాత్రమే వంగే టిల్ట్ హెడ్ చాలు. బాల్ హెడ్ అయితే లెన్స్ పక్కకు ఒరిగే ప్రమాదముంది. కెమెరా ప్లేటు సాధారణంగా అడ్డంగా ఉంటుంది, లెన్స్ పాదం నిలువునా ఉంటుంది. కాబట్టి క్లాంప్‌ను 90 డిగ్రీలు తిప్పి బిగించే వీలుందో లేదో చూసి కొనండి. ప్లేటు చివర్లలో జారకుండా ఆపే మరలు కూడా ఉండాలి. జారితే లెన్స్ పక్కనున్నవారి మీద పడవచ్చు.

కాళ్లు తగ్గినకొద్దీ బిగింపు ప్రాముఖ్యం పెరిగిందని గమనించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: తడిపలకల కాలంలో మోనోపాడ్ ఎందుకు సరిపోయేది కాదు?