చేతికర్ర ఉన్న చోట బిడ్డ

జుట్టు పొడుగ్గా పెరిగిన మనిషి ఒకడు నడుం వంచి, చేతికర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. మూడు వేల ఏళ్ల కిందట, చైనాలో షాంగ్ రాజుల కాలంలో, తాబేటి చిప్పల మీదా పశువుల ఎముకల మీదా చెక్కిన బొమ్మ ఇది. ఆ బొమ్మే మారి మారి ఇవాళ ఆరు గీతల అక్షరం అయింది. దాన్ని 'లావో' అని పలుకుతారు. ముసలితనం అని అర్థం.

ముసలితనం అనగానే మనకి దిగులు పుడుతుంది. చైనా వాళ్లు మాత్రం ఈ మాటని వాడని చోటు లేదు. పాఠం చెప్పే ఇరవై రెండేళ్ల అమ్మాయి కూడా పిల్లలకి 'లావోషీ'యే! దుకాణం యజమాని 'లావోబాన్'. తోటి ఉద్యోగిని చనువుగా 'లావో వాంగ్' అంటారు. అదే మాటని ఇంటిపేరు తరవాత చేర్చి 'వాంగ్ లావో' అన్నారంటే, ఆయనెవరో అందరూ లేచి నిలబడవలసిన వృద్ధుడన్నమాట. ఇక భార్య నిన్న కాపరానికొచ్చిన పడుచుపిల్లయినా సరే, భర్త పిలిచేది 'లావోపో' అనే. అక్షరాలా అర్థం చెప్పుకుంటే ముసలమ్మ! మన ఇళ్లల్లో ఆ మాట అని చూడమనండి!

వంటింట్లోనూ ఉందీ మాట. పీచు తేలిన కూరగాయా, ఎక్కువ ఉడికి గట్టిపడిన మాంసమూ 'లావో'నే. మనం బెండకాయ ముదిరిందంటాం, మనిషిని ముదుసలి అంటాం. ఎక్కడి చైనా, ఎక్కడి తెలుగునాడు!

ఈ అక్షరంలో కింద చేతికర్ర ఉన్న భాగం తీసేసి, అక్కడ 'బిడ్డ' అనే అక్షరం పెడితే 'షియావో' అవుతుంది. అంటే తల్లిదండ్రుల పట్ల భక్తి. కర్ర బదులు కన్నబిడ్డే ఊతమయ్యాడన్నమాట.

మరి ఆ బిడ్డ ఉద్యోగానికని పట్నం వెళ్లిపోతే? 2020 జనాభా లెక్కల్లో చైనాలో అరవై దాటినవాళ్లు 26 కోట్ల పైచిలుకు తేలారు. వేరే ఉంటున్న పిల్లలు పెద్దవాళ్లని తరచు వెళ్లి చూడాలనీ, పలకరించాలనీ 2013 జులై 1 నుంచి అక్కడ చట్టమే అమలులోకి వచ్చింది.

అమ్మని చూసి రమ్మని చట్టం చెప్పవలసి వచ్చిందంటే, గుమ్మం వైపు చూస్తూ ఎందరు తల్లులు ఎన్ని పండగలు ఒంటరిగా గడిపి ఉంటారో! చట్టం కొడుకుని గుమ్మం దాకా తీసుకురాగలదేమో. లోపలికొచ్చి, చెప్పులు విడిచి, 'ఎలా ఉన్నావమ్మా?' అని పక్కన కూచోవడం మాత్రం వాడి చేతుల్లోనే ఉంది.