వెంటిలేషన్ సిమ్యులేషన్: గాలి ప్రవాహ లెక్కల్లో దోషాలు

గదిలోకి ఎంత గాలి వచ్చి పోతుందో కంప్యూటర్ నమూనాతో అంచనా వేయడమే వెంటిలేషన్ సిమ్యులేషన్. అమెరికా ఇంధన శాఖ ఎనర్జీప్లస్, ఆ దేశ ప్రమాణాల సంస్థ నిస్ట్ రూపొందించిన కాంటామ్ ఇందుకు పేరొందిన సాఫ్ట్‌వేర్లు. ఫలితం పొంతన లేకుండా వస్తే ఈ అంశాలను వరుసగా చూడాలి.

ద్రవ్యరాశి: స్థిరస్థితిలో గదిలోకి వచ్చిన గాలి ద్రవ్యరాశి, బయటికి పోయినదానితో సమానం కావాలి. ఉష్ణోగ్రతలు వేరైతే ఘనపరిమాణాలు కలవకపోవచ్చు. అది దోషం కాదు.

దారులు: హైదరాబాద్ హిమాయత్‌నగర్‌లోని ఒక ఫ్లాట్‌లో 42 ఘనమీటర్ల గది ఉందనుకుందాం. 1 చదరపు మీటరు కిటికీలోంచి వచ్చిన గాలి 0.1 చదరపు మీటరు వెంటిలేటర్ గుండా డక్ట్‌లోకి పోవాలి. 1 పాస్కల్ పీడన తేడాకు గంటకు సుమారు 7 సార్లు గాలి మారుతుంది. వెంటిలేటర్ అడ్డును మరచి కిటికీ వైశాల్యమే లెక్కిస్తే ఈ అంకె 70 దగ్గరికి వెళ్తుంది. ఇరుకు దారే ప్రవాహాన్ని నిర్ణయిస్తుంది.

గాలి వేగం: వాతావరణ ఫైళ్లలోని వేగం సాధారణంగా విమానాశ్రయం వంటి బయలులో, 10 మీటర్ల ఎత్తున కొలిచినది. కిక్కిరిసిన బస్తీకి తగ్గట్టు భూతల రకాన్ని ఎంచుకోకపోతే ప్రవాహం ఎక్కువగా కనిపిస్తుంది.

సాంద్రత: సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున్న హైదరాబాద్‌లో, 30 డిగ్రీల వద్ద ఘనమీటరు గాలి సుమారు 1.09 కిలోలు. ప్రామాణిక విలువ 1.2 వాడితే లెక్క దాదాపు 10 శాతం మారుతుంది.

సెట్టింగులు: ఎనర్జీప్లస్‌లో బహుళ మండల ప్రవాహ నెట్‌వర్క్‌ను ఎంచుకుంటే, విడిగా ఇచ్చిన సాధారణ వెంటిలేషన్ రేట్లను ప్రోగ్రామ్ పట్టించుకోదు. కిటికీలు తెరిచే వేళలనూ సరిచూడాలి.